మా కొలనులో క్లోరిన్ పొయ్యబోయిన రోజు

జూన్ పద్నాలుగో తారీకు, ఆదివారం, సాయంత్రం నాలుగూ ఇరవై. ఆ సమయానికి మా వెనక వసారాలో ఐదుగురం ఉన్నాం. మావారు పేము కుర్చీలో, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని. మా అమ్మాయి మెట్టు మీద. నేను టీ గ్లాసులు అందిస్తూ. మా ఆడపడుచు గోడకి జారబడి. ఆవిడ భర్త, నాకు వరసకి అన్నయ్యగారు, వసారా మధ్యలో నిలబడి. ఆయన కూర్చుని మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. ముప్ఫై ఏళ్ళు నీళ్ళ మోటార్లు అమ్మిన మనిషి, ఆ చప్పుడు మీద మాట వినిపించి వినిపించి గొంతు అలా స్థిరపడిపోయింది. పిల్లలు చాటుగా ఆయన్ని టముకు మామయ్య అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, సంతోషమే తప్ప కోపం లేదు.

ఆయన కాళ్ళ దగ్గర ఇరవై లీటర్ల క్లోరిన్ క్యాను ఉంది. కారులో వేసుకుని ఆయనే తెచ్చారు.

వసారా ముందే మా ఈతకొలను. పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై ఆరు అడుగుల పొడుగు, ఛాతీ లోతు. పోయినేడు మావారికి పక్షవాతం వచ్చి ఎడమకాలు పట్టు తప్పితే, నీళ్ళలో నడిస్తే బలం వస్తుందని డాక్టరు చెప్పగా కట్టించాం. దేవుడి దయవల్ల వచ్చింది కూడా. నేల మీద కర్ర లేకుండా రెండడుగులు వెయ్యలేని మనిషి, నీళ్ళలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఒంటరిగా వెళ్ళి వచ్చేవారు. వాసన ఉండదనీ కళ్ళు మండవనీ మొదటినుంచీ క్లోరిన్ కాకుండా, నీలం సీసాలో వచ్చే ఇంకో మందు పోస్తున్నాం. ఎండలు ముదిరాక ఆ మందు పట్టడం మానేసింది. నీళ్ళు కుడితిలా తెల్లబడ్డాయి, గోడలకి జిగురు పట్టింది. పన్నెండు రోజులుగా మావారు కొలనులోకి దిగలేదు. ఆ పన్నెండు రోజుల్లోనే ఆ కాలు మళ్ళీ నేలని ఈడ్చడం మొదలుపెట్టింది. క్లోరిన్‌కి మారిపోదామా, ఉన్న మందే ఇంకోసారి పోసి చూద్దామా అని ఇంట్లో రోజూ ఇదే మాట. అది ఫోనులో విని అన్నయ్యగారు క్యానుతో సహా దిగారు.

"మారాలా వద్దా అని పన్నెండు రోజులు కూర్చుంటారా ఎవరైనా!" అన్నారాయన. "బావా, ఇంతకన్నా పెద్ద కేసు చూశాన్నేను. గొప్పకి చెప్పడం కాదు, ఉన్నమాట. కొండమీద ఒక హోటలుంది, అక్కడికి మోటారు బిగించడానికి వెళ్ళాను, బిగించాను, చేతులు కడుక్కుంటున్నాను, ఇంతలో మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చి, అయ్యా తమరు నీళ్ళ సంగతి తెలిసినవారిలా ఉన్నారు, ఒక్కసారి మా కొలను చూసిపెట్టండి అన్నాడు. సరే పదవయ్యా అని వెళ్ళి చూస్తే ఏముందీ, అచ్చం ఇదే. ఇదే తెలుపు, ఇదే జిగురు. ఏం మందు పోస్తున్నారయ్యా అంటే నీలం సీసా తెచ్చి చూపించాడు."

"మనం పోసే మందేనా మామయ్యా?" అంది మా అమ్మాయి.

"ఇదే మందు, ఇదే మూత, మూత మీద ఇదే గీత. అప్పటికే ముగ్గురు ఇంజనీర్లు వచ్చి తలలు పట్టుకుని వెళ్ళిపోయారట. నేను ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని వాసన చూశాను. చూసి, మీ నీళ్ళకి పడిశం పట్టిందయ్యా అన్నాను."

"నీళ్ళకి పడిశమేమిటి బావా!" అన్నారు మావారు నవ్వుతూ. పన్నెండు రోజుల తర్వాత ఆయన నవ్వడం అదే, అందుకని ఆ మాట నాకు బాగా గుర్తు.

"నవ్వకు. పడిశమే. ఒక్క క్యాను క్లోరిన్ తెప్పించాను, మూత తీశాను, గుడగుడమని పోసేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అరగంట. గడియారం చూసి చెబుతున్నాను, అరగంట. నీళ్ళు విడిపోయాయి. అడుగు కనపడింది. అడుగున మేనేజరు రెండేళ్ళ కిందట పారేసుకున్న కళ్ళజోడు కనపడింది. కళ్ళజోడు కాడ మీద చిన్న అక్షరాలుంటాయి చూడు, గట్టున నిలబడి అవి చదివాను."

"మీరు కళ్ళజోడు పెట్టుకుని కూడా మొన్న కరెంటు కాగితం చదవలేకపోయారు" అంది మా ఆడపడుచు.

"అది కాగితం తప్పు. నన్ను చెప్పనీ. నీళ్ళు అక్కడితో ఆగితే బాగుండేది, ఆగలేదు. ఇంకా తేరుకున్నాయి. తేరుకుని తేరుకుని సాయంత్రానికి అసలు నీళ్ళు కనపడ్డం మానేశాయి. బస చేసినవాళ్ళు వచ్చి, ఖాళీ గొయ్యి పెట్టుకుని ఈతకొలను అని బోర్డు పెడతారా అని మేనేజరు మీద విరుచుకుపడ్డారు. ఊడ్చే ఆవిడ పాపం చీపురు పట్టుకుని మెట్లు దిగింది, నడుం దాకా తడిసేదాకా ఆవిడకి తెలియలేదు. ఒక పెద్ద ఈతగాడు దూకే బల్ల ఎక్కి, ముందు నీళ్ళు నింపి తర్వాత పిలవండి అని కూర్చున్నాడు, దిగనంటాడు దూకనంటాడు. దూకవయ్యా, పూచీ నాది అన్నాను. కళ్ళు మూసుకుని దూకాడు. చూసేవాళ్ళకి ఏమనిపించిందో తెలుసా? మనిషి గాల్లో ఆగిపోయి చేతులు కొట్టుకుంటున్నట్టుంది! ఒకావిడ గట్టున మూర్ఛపోయింది."

మా అమ్మాయి పొట్ట పట్టుకుంది. "చాలు మామయ్యా!"

"అప్పుడే చాలంటే ఎలా? కొలను కింద వంటగది ఉంది. ఎండ నీళ్ళలోంచి, అడుగులోంచి దూరి వంటగదిలో పడింది. వంటవాళ్ళు పగలు లైట్లు వెయ్యడం మానేశారు."

"సిమెంటు అడుగులోంచా?" అన్నారు మావారు.

"సిమెంటు కూడా తెల్లబడిపోయింది కదా బావా, క్లోరిన్ అంటే ఏమనుకున్నావు! గట్టున ఒక వకీలు నల్లకోటు వేసుకుని అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు, ఆ గాలికే కోటు తెల్లబడింది. తెలియక అలాగే కోర్టుకి వెళ్ళాడు. బంట్రోతు చూసి డాక్టరుగారు వచ్చారని కుర్చీ వేశాడు. జడ్జిగారు చెయ్యి చాపి నాడి చూడమన్నారు!"

"ఇదంతా ఎప్పుడు జరిగిందండీ?" అంది ఆడపడుచు. "ఆ కొండ హోటలు నుంచి వచ్చిన రోజు తలనొప్పని పెందరాళే పడుకున్నారు మీరు. నాకు ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెబితే నువ్వు కంగారు పడతావని" అని ఆవిడ వైపు చూడకుండానే దాటేసి, టీ ఒక్క గుటకలో తాగి, గ్లాసు నాకిచ్చి, ఆయన మావారి కుర్చీ దగ్గరికి వచ్చారు. గొంతు తగ్గించారు. ఆయన గొంతు తగ్గించడం నేను వినడం అదే మొదలు.

"అసలు సంగతి ఇంకా చెప్పలేదు బావా. ఆ హోటలాయన తండ్రి ఒకాయన ఉన్నాడు. ఎనభై నాలుగేళ్ళు. చక్రాల కుర్చీ. ఆ నీళ్ళలోకి దింపాం. ఈ చివర దిగాడు, ఆ చివర తేలాడు, తనంతట తనే మెట్లెక్కి వచ్చాడు, తువ్వాలు అడిగాడు, తుడుచుకున్నాడు, కొండ దిగి వెళ్ళిపోయాడు. ఆగండి సార్ అని డ్రైవరు వెనకాల కారేసుకుని వెళ్ళాడు. అందలేదు! మూడో మలుపులో కారుకి పెట్రోలు అయిపోయింది, ఆయనకి మాత్రం ఆయాసం కూడా రాలేదు. ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాడు. ఏ ఊరు చేరితే ఆ ఊరినుంచి నాకో ఉత్తరం రాస్తాడు."

ఈసారి అమ్మాయి నవ్వలేదు. మావారి ముఖం చూసి ఆగిపోయింది. ఆయన చేతికర్ర పిడి మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకి వంగారు.

"ఎడమకాలేనా?" అని అడిగారు.

"ఆఁ?"

"ఆయనకి పోయింది. ఎడమకాలేనా?"

అన్నయ్యగారు ఒక్క క్షణం తడబడి, "ఎడమకాలే" అన్నారు.

మావారు కొలను వైపు చూశారు. చదువుకున్న మనిషి. వకీలు కోటు తెల్లబడదని తెలిసిన మనిషి. అయినా ఆ ఒక్క ముక్క దగ్గర ఆయన మనసు జారింది. "మూత తియ్యి బావా" అన్నారు. "పోసేద్దాం. అరగంటే కదా. చీకటి పడేలోపు ఒకసారి దిగుతాను."

అన్నయ్యగారు మూత తిప్పారు. ఆ ఘాటు వసారా అంతా వచ్చింది. ఆయన క్యాను ఎత్తి మెట్లు దిగబోతుంటే, "ఒక్క నిమిషం అన్నయ్యగారూ" అన్నాను.

తెల్లచీర మీద మరకకి బ్లీచింగు వేసేముందు, కుచ్చిళ్ళ లోపలి మూల ఒకటి తడిపి చూసుకోమని మా అమ్మ నేర్పింది. పైకి కనపడని మూల పాడైతే పాడవుతుంది, చీర దక్కుతుంది. చీరకి చేసేది కొలనుకెందుకు చెయ్యకూడదనిపించింది. లోపల్నించి గాజుగ్లాసూ చెంచా తెచ్చి, వంగి, కొలనులో నీళ్ళు ముంచి వసారా గట్టుమీద పెట్టాను. "ఒక్క చెంచా ఇందులో వెయ్యండి" అన్నాను.

"ఎందుకు చెల్లెమ్మా, నా మాట మీద నమ్మకం లేదా?"

"ఉంది. నీళ్ళమీద లేదు."

ఆయన చెంచాడు వేశారు. ఐదుగురం గ్లాసు మీదకి వంగాం. ముందు పాలు విరిగినట్టు తెల్లటి పలుకులు లేచాయి. చూస్తూ ఉండగానే పసుపుపచ్చగా మారాయి. తర్వాత టీ రంగు. చివరికి అడుగున తుప్పు ముద్దలాంటిది ఒకటి కూర్చుంది. పైన నీళ్ళలోంచి అవతల ఉన్న నా వేళ్ళు కూడా కనపడలేదు.

నేనే అడిగాను. దేవుడి సాక్షిగా వెక్కిరింపుకి కాదు, తెలుసుకోవాలనే.

"అన్నయ్యగారూ, ఆ కళ్ళజోడు మీద అక్షరాలు చదివింది ఇందులోంచేనా?"

మా ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగక కిందకి కూలబడింది. అన్నయ్యగారు గ్లాసు తీసుకుని వెలుగుకి ఎత్తి చూశారు, ఇటు తిప్పారు, అటు తిప్పారు. "ఎండ అటునుంచి పడుతోంది, అందుకని..." అన్నారు.

ఈలోగా అమ్మాయి గదిలోకి పరిగెత్తి నీలం సీసా తెచ్చి, వెనకున్న సన్న అక్షరాలు పైకి చదివింది. "క్లోరిన్‌తో కలపరాదు. క్లోరిన్‌కి మారదలచినవారు పాత నీటిని పూర్తిగా తొలగించి, గోడలు శుభ్రపరచి, ఫిల్టరులోని ఇసుక మార్చవలెను." ఎనిమిది నెలలుగా ఆ సీసా మా ఇంట్లో ఉంది. మూత తిప్పడమే తప్ప వెనక తిప్పి చూసినవాళ్ళం లేం.

"బావా" అన్నారు మావారు నెమ్మదిగా. "ఆ హోటల్లో కొలను ఉందా అసలు?"

"ఉంది." అన్నయ్యగారు వసారా గట్టు మీద కూర్చున్నారు. కూర్చున్నారు! "ఉంది కానీ, దానిమీద టార్పాలిన్ కప్పి ఉంది. దూరంనుంచి చూశాను."

"మరి ఆ పెద్దాయన?"

అన్నయ్యగారు గ్లాసుని చేతిలో తిప్పారు. "ఆయనా ఉన్నాడు. నేను మోటారు బిగిస్తున్నంతసేపూ కుర్చీలో కూర్చుని చూశాడు. ఏ కాలో నేను అడగలేదు బావా." గ్లాసు కింద పెట్టి, "మధ్యాహ్నం నన్ను పలకరించడానికి గేటు దాకా వచ్చావు చూడు, ఆ కాలు ఈడ్చుకుంటూ. అది చూశాక నాకు నోరు ఆగలేదు" అన్నారు.

"అంతకుముందు ఎప్పుడు ఆగిందనీ" అంది ఆడపడుచు. కానీ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

మావారు కోప్పడతారేమో, లేకపోతే ముఖం చిన్నబుచ్చుకుంటారేమో అని నేను లోపల దేవుణ్ణి తలుచుకుంటున్నాను. ఆయన ముందు గ్లాసు వైపు చూశారు, తర్వాత బావ వైపు చూశారు, తర్వాత, "జడ్జిగారికి నాడి ఎలా ఉందన్నాడు వకీలు?" అన్నారు. ఇక చూడండి, వసారా వసారా నవ్వింది.

నవ్వులు అయ్యాక మావారే తేల్చారు. "క్లోరిన్‌కే మారుదాం. కళ్ళు మండితే మూసుకుని నడుస్తాను. ఈ నీలం సీసాని నమ్ముకుని ఇంకో నెల కుర్చీలో కూర్చోలేను. కానీ సీసా మీద రాసినట్టే చేద్దాం. ఈ నీళ్ళు తోడెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"అదెంత, కారులో ఉన్న నా మోటారుతో పావుగంట..." అని మొదలుపెట్టి అన్నయ్యగారు నా వైపు చూశారు. చూసి గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడు వేస్తే తెల్లారేసరికి మోకాలి లోతుకి దిగుతాయి" అన్నారు. మోటార్ల మనిషి కదా, ఆ అంకె మాత్రం నిజం.

మర్నాడు, సోమవారం, పొద్దున్న ఆరూ పదికి నేను దేవుడి దగ్గర దీపం పెట్టి వసారాలోకి వచ్చేసరికి నీళ్ళు సరిగ్గా మోకాలి లోతులో ఉన్నాయి. అమ్మాయి అప్పటికే దిగి, గోడ వెంబడి నేల జారకుండా బ్రష్షుతో రుద్ది బాట చేసింది. ఆడపడుచు ఫిల్టరు విప్పి పాత ఇసుక బస్తాల్లోకి ఎత్తుతోంది. మావారు మెట్టు మీద నిలబడి పంచె పైకి కట్టుకుంటున్నారు. గోడ తోమే పని తనదన్నారు.

వద్దనబోయాను. అంతలోనే అన్నయ్యగారు పెద్ద తువ్వాలు మావారి నడుముకి చుట్టి, రెండు కొసలూ చేతికి మెలిపెట్టుకుని, వెనకాల తనూ దిగారు. మావారు ఎడమచెయ్యి గోడకి ఆనించి, కుడిచేత్తో బ్రష్షు పట్టుకుని తోమడం మొదలుపెట్టారు. కొంత గోడ, ఒక అడుగు. కొంత గోడ, ఒక అడుగు. జిగురు పొరలు పొరలుగా ఊడి నీళ్ళలో పడుతోంది. అన్నయ్యగారు తువ్వాలు బిగించి పట్టుకుని, నోరు మెదపకుండా ఆయన వెనకే అడుగు వేస్తున్నారు. ఊపిరి అంతా ఆ పట్టుకే సరిపోయింది.

ఇరవై ఆరు అడుగుల గోడ ఆ చివరిదాకా తోమేసరికి ఎండ వచ్చింది. ఇక చాలు, కర్ర అందించమంటారేమో అని నేను కర్ర పట్టుకుని ఆ చివరికి వెళ్ళి నిలబడ్డాను. మావారు నావైపు చూడలేదు. బ్రష్షు నీళ్ళలో జాడించుకుని, గోడకి ఆనించిన చెయ్యి మార్చి, రెండో గోడ తోమడానికి తనంతట తనే అటు తిరిగారు.