ఎండలో చిన్నపిల్లైపోయిన కంప్యూటర్

కూర్చో టైలరూ, కూర్చో. మీ నాన్న కంప్యూటర్ గురించే కదా? రేపు కొత్త షాపు తెరుస్తున్నావు, గల్లా పక్కన అది వెలుగుతూ ఉండాలి, అంతేగా? అది ఎప్పుడో బాగుపడింది. కాకపోతే చిన్న ఆలస్యం. ఎందుకో చెప్తే నువ్వే నాకు ఇంకో టీ ఇప్పిస్తావు.

విప్పి చూశానా, లోపల కెపాసిటర్లు తిన్నది అరగనట్టు ఉబ్బిపోయి ఉన్నాయి. పీకేసి కొత్తవి అతికించాను. కీబోర్డులోనే అంతా ఇమిడిన పాతకాలం రకం కదా, టీవీకి తగిలించగానే తెర మీద గీత మెరిసింది. అంతవరకు ఎవరైనా చేస్తారు, నేను గొప్పలు చెప్పుకోను.

"మీరా గొప్పలు చెప్పుకోనిది!" అన్నాడు టీ కొట్టాయన.

నువ్వు పాల మీద చూపు పెట్టవయ్యా, పొంగుతున్నాయి. టైలరూ, ఆ కంప్యూటర్ పైడొప్ప ఉందే, ముసలాడి పళ్ళలా పసుపెక్కిపోయింది. పాత ప్లాస్టిక్కుకు అదో జబ్బు. మందేంటో తెలుసా? జుట్టు రంగు పోగొట్టే క్రీము! డొప్ప ఊడదీసి, క్రీము రాసి, మేడ మీద ఎండలో పెట్టాలి. నేను కాస్త ధారాళంగానే రాశాను. నా చెయ్యి పెద్దది కదా.

కాసేపటికి ఎంత తెల్లబడిందంటే, ఎదురింటావిడ పట్టపగలు కర్టెన్లు వేసుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని వయసు వెనక్కి తిరిగింది! గీతలు మాయం. కొత్త అట్టపెట్టె వాసన. వారంటీ మళ్ళీ మొదలైంది! కంపెనీ వాళ్ళే ఫోన్ చేసి, "ఎలా పనిచేస్తోందండీ?" అని అడిగారు.

"ఆ కంపెనీ మూతపడి ఎన్నేళ్ళయింది బాబాయ్!" అన్నాడు టైలర్.

అదే కదా వింత, కంపెనీ కూడా వెనక్కొచ్చింది! అక్కడితో ఆగిందా? కింద గదిలో బల్ల మీదున్న దాని లోపలి బోర్డుకీ ఆ చిన్నతనం సోకింది. ఎక్కాలు మర్చిపోయింది. రెండు రెళ్ళెంత అంటే, "లెక్కపెట్టుకుంటా, నీ వేళ్ళు ఇటివ్వు మామయ్యా" అని తెర మీద రాసింది! ఇంకాస్త ఎండ తగిలితే కంప్యూటర్ కనిపెట్టకముందు కాలానికే వెళ్ళిపోయేది. అప్పుడు నీకేమివ్వను? అందుకే నీడలో పెట్టి పెద్ద చేస్తున్నా. ఒక వారం ఓపిక పట్టు. ఈలోపు ఫోన్లో దాని వేషం వేసే ప్రోగ్రాము పెట్టిస్తా.

"ఫోన్లో నాకెందుకు? నాన్న వేళ్ళు పడిన కీలు కావాలి" అన్నాడు టైలర్.

నమ్మవా? అదిగో మా చెల్లెలు వస్తోంది. బ్యూటీ పార్లర్ దానిదే, క్రీమూ దానిదే. సాక్ష్యం చెప్పమ్మా!

"చెప్తా. షాపులో క్రీమంతా ఊడ్చుకుపోయావు. డొప్ప ఎండలో పడేసి నువ్వు గురకపెట్టి నిద్రపోయావు. ఇదిగో టైలరన్నా, నీ సొమ్ము."

సంచిలోంచి డొప్ప తీసి బల్ల మీద పెట్టింది. పాత చెప్పులా వంగిపోయి ఉంది, సగం తెలుపు, సగం పసుపు. టైలర్ దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"లోపలిది?" అన్నాడు.

"పొద్దున్నే మీ నాన్న దాచుకున్న క్యాసెట్ దానికి పెట్టి చూశాను. ఆయన గీసిన చొక్కా కాలర్ బొమ్మ తెర మీదకొచ్చింది. కీలన్నీ పలుకుతున్నాయి. ఆ పని మటుకు అన్నయ్య నిజంగానే చేశాడు."

చూశావా! నేను చెప్పలేదూ? ఆ కాలర్ బొమ్మ కూడా...

టైలర్ మెడలోంచి కొలతల టేపు తీసి డొప్ప మీద పరిచాడు. "గుడ్డ కవరు కుట్టేస్తే రేపటికి వంపు కనపడదు" అని, అదే టేపు నా వైపు చాపాడు. "పనిలో పనిగా నీ నోటికీ ఒకటి కుట్టేస్తా బాబాయ్. ఏదీ, నోరు తెరువు."

"అంత గుడ్డ ఉందా నీ దగ్గర?" అన్నాడు టీ కొట్టాయన.