గడపకోడి

ఆ తలుపు కింద కంత మూయించేస్తానంటావేంటే? చలిగాలి వస్తే కాళ్ళమీద దుప్పటి కప్పుకుంటాలే. వడ్రంగిని కాసేపు ఆగమను. అది ఎలుకలు కొరికింది కాదమ్మా, గడపకోడి కోసం కోయించింది. ఈ ఇల్లు మా మేనత్తదే కదా. అప్పట్లో దీవిలో ప్రతి తలుపుకీ ఉండేదిలా. ఆ పక్షికి ఎగరడం రాదు. ఇంటి పెద్దలా తాపీగా నడిచొచ్చి, బొద్దింకల్ని తిని, మంచం కింద గుడ్డు పెట్టేది. దాన్ని తినే జంతువే ఇక్కడ లేదు, ఇంక భయమెలా తెలుస్తుంది?

తర్వాత ఓడలొచ్చాయి, వాటితో ఎలుకలు దిగాయి. దొరికిన ప్రతి గుడ్డూ తినేశాయి. ఎలుకల కోసమని మావాళ్ళు పిల్లుల్ని తెచ్చారు. కొరివితో తల గోక్కోవడమంటే అదే మరి. పారిపోవడం తెలియని పక్షి ఎదురుగా ఉంటే, పిల్లి ఎలుక వెంట ఎందుకు పరిగెడుతుంది? ఆ పక్షులు తిరిగే పొదల్ని మేమే వంటచెరుక్కి కొట్టేశాం. మా మామయ్యేమో, "ఇన్నున్నాయి, ఎక్కడికి పోతాయిలే" అనేవాడు. ఆయనకి ఏదైనా అంతే, పళ్ళూడేటప్పుడు కూడా ఇన్నున్నాయిలే అన్నాడు. ఏం చెప్తున్నా... ఆఁ, మేనత్త.

చివరికి ఈ మంచం కింద ఒక్క జంట మిగిలింది, ఒక్క గుడ్డు. పగలు ఆడది, రాత్రి మగది పొదిగేవి. రెండోది వచ్చి వంతు తీసుకునేదాకా మొదటిది లేచేది కాదు, మేత ముట్టేది కాదు. ఓ సాయంత్రం కంతలోంచి పిల్లి తల దూర్చింది. మేనత్తకి ఒళ్ళు మండి, చెక్క అడ్డంపెట్టి మేకులు కొట్టేసింది. "హమ్మయ్య, ఇక నా బంగారాలకి భయంలేదు" అనుకుంది. మగది ఇంకా ఇల్లు చేరలేదన్న సంగతే ఆ కోపంలో మర్చిపోయింది పిచ్చిది.

అది వచ్చి చెక్కమీద ముక్కుతో పొడిచింది. మేనత్త గడియ తీసేలోపే పిల్లి... సరేలే.

లోపలిది మాత్రం కదల్లేదు. ముక్కు దగ్గర గింజలు పెట్టి, "వాడు రాడే తల్లీ, తినవే" అని మేనత్త ఎంత బతిమాలిందో. అది తలుపు వంకే చూసేది. అలా చూస్తూ చూస్తూ గుడ్డుమీదే పోయింది. ఆ గుడ్డుని మేనత్త ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, చల్లారిపోయాక కూడా. ఆ జాతి ఇంకెక్కడా లేదమ్మా.

మేకులు పీకేసింది తనే. వంగి చూడు, గుర్తులున్నాయి. పోయేదాకా పొద్దువాలితే ఆ కంత ముందు ఏ వస్తువూ పెట్టనిచ్చేది కాదు.

వడ్రంగికి టీ ఇచ్చావా? గొళ్ళెం ఒక్కటీ బిగించి వెళ్ళమను.