ఇత్తడి ముద్ర

అయోవాలో ఓ చిన్న కాలేజీ. చూడవచ్చినవాళ్ళకి దారి చూపే అమ్మాయి వెనక్కి నడుస్తూ మాట్లాడుతోంది. గుంపు చివర తాతా మనవరాలూ.

"ముందు చూసి నడవడం రాదా దీనికి?"

"మన మొహాలు చూస్తూ చెప్పాలిగా తాతా. ఇంతకీ నన్ను చేరమంటావా, ఇంటి దగ్గర మన ఆవుల్నే చూసుకోమంటావా?"

"నేనేమైనా అన్నానా?"

"పొద్దుట్నించీ ఏమీ అనలేదు. అదే నా భయం."

"ఆ పిల్లేదో అంటోంది, విను."

"నేలలో పొదిగిన ఆ ఇత్తడి కాలేజీ ముద్రని చదువుకునేవాళ్ళు తొక్కితే డిగ్రీ రాదట. ఉత్త నమ్మకంలే."

"ఆగు! పక్కనించి రా."

"నేనింకా చేరనే లేదుగా!"

"చేరతావు. మనింట్లో మొదటి డిగ్రీ నీదే."

ఆమె ముద్ర పక్కనించి నడిచింది. ముసలాయన కూడా చుట్టూ తిరిగి వచ్చాడు.

"నువ్వెందుకు తిరగడం తాతా?"

"నీ డిగ్రీ మీద నా పేడబూటు పెట్టమంటావా?"