పడగ్గదిలో బొమ్మ

ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలయ్యే వేళకు భార్య హాల్లో టీవీ ముందు కూర్చుంది. భర్త ఆ పక్కనే రౌటర్ ముందు చతికిలబడి ఉన్నాడు.

"పొద్దున్నుంచీ ఇంట్లో నెట్ లేదు. ఇంకా ఎందుకండీ దాన్ని పీక్కు తింటారు?"

"టీవీ సిగ్నల్ అందుకునే ఈ ట్యూనర్ రౌటర్‌కి పట్టిందంటే టీవీ నా ఫోన్లోకే వస్తుంది. పడగ్గదిలో తలుపేసుకుని చూసుకుంటా."

"ఇక్కడింత టీవీ పెట్టుకునా?"

"నీ పక్కన కూర్చుంటే చెవులు చిల్లులు పడతాయి. మ్యాచంతా అరుపులే!"

"సరే, వచ్చిందా మరి?"

"ఇందాక దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, రౌటర్లోకి ఎక్కలేదు. ఎక్కాక ట్యూనర్‌కి కరెంటు చాలట్లేదంటోంది."

"ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె."

"నోరు మూస్తావా కాస్త? దీనికి వేరే ఛార్జర్ తగిలించా. అదిగో, ఫోన్లో బొమ్మ పడింది! ఇక నీ దారి నీది, నా దారి నాది."

అతను లోపలికెళ్ళి ధడాల్న తలుపేసుకున్నాడు. కాసేపటికి హాల్లోంచి కేక వినిపించింది.

"గోల్!"

"ఏం గోల్? మనవాడింకా బంతి దగ్గరికే రాలేదు!"

"ఇక్కడ వేసేశాడండీ!"

"ఛ! రౌటర్లోంచి వచ్చేసరికి ఆలస్యమవుతోంది. నువ్వు అరవకు, నాకు ముందే తెలిసిపోతోంది."

"గోల్ పడితే అరవకుండా ఎలా ఉంటాను?"

తలుపు తెరుచుకుంది.

"జరుగు."

"చెవులు చిల్లులు పడవూ?"

"గోడవతలున్నా నీ అరుపు తప్పట్లేదు. కనీసం గోల్ చూశాక వింటాను, జరుగు."