పార్టు రాలేదు, రేపు రండి

ఆ స్టూలు ఎక్కకమ్మాయ్, దానికి ఒక కాలు పొట్టి. ఈ కుర్చీ వేసుకో. నేను పట్టుకుంటాలే, ఊరికే కూర్చుంటే నాకు కాళ్ళు లాగుతాయి. ఇందాక ఫోన్లో ఏమన్నావ్, మా తాత కూడా టీవీ మెకానిక్కే అన్నావు కదూ? ఏ తాత, నాన్న వాళ్ళ నాన్నా? ఆకుపచ్చ తలుపుల కొట్టు, రెండు మెట్లు దిగి లోపలికి వెళ్ళాలి, అదేనా? ఊఁ. నువ్వు గుమ్మంలోకి రాగానే ఆ ముక్కు చూసి అనుమానపడ్డాను. నీ పని నువ్వు కానీ. మంచినీళ్ళు తాగుతావా? వద్దా. సరే.

మీ తాతని మేమంతా రేపుగారు అనేవాళ్ళం, తెలుసా నీకు? ఎవరు సెట్టు తీసుకెళ్ళినా వెనక మూత విప్పి, లోపలికి ఊది, మెల్లిగా తల ఎత్తి, "పార్టు రాలేదండీ, రేపు రండి." రేపు వెళ్తే ఎల్లుండి. విడ్డూరం ఏంటంటే, వట్టి చేతుల్తో మాత్రం పంపేవాడు కాదు. వెనకాల అరలో పాత రేడియోల మధ్య నవలలు ఉండేవి. అందులోంచి ఒకటి తీసి, మన మొహం ఓసారి చూసి, దాన్ని లోపల పెట్టేసి ఇంకోటి తీసి, "సెట్టు వచ్చేదాకా ఇది చూస్తుండండి" అని చేతిలో పెట్టేవాడు. చెప్పులు కుట్టమని ఇస్తే చెప్పులు ఉంచుకుని గొడుగు చేతిలో పెట్టినట్టు. నేనేమో బస్‌స్టాండులో టైంకీపర్ని. ముప్పై ఒక్కేళ్ళు చేశాను. బస్సు మూడు నిమిషాలు లేటయితే డ్రైవర్ని నిలబెట్టి కడిగేసేవాణ్ణి. అలాంటి వాడితో రేపు అంటే ఒళ్ళు మండదూ? ఏంటా చప్పుడు, స్క్రూ పడిందా? అదిగో, సోఫా కింద. ఉండు, నేను తీస్తా. వంగగలనులే, అంత ముసలాణ్ణి కాలేదు.

ఏం చెప్తున్నాను... ఆఁ, మా అమ్మ. తుంటి ఎముక విరిగి మంచాన పడింది. ఇదే గది, ఆ కిటికీ కింద మంచం. నేను డ్యూటీకి పోయేవాణ్ణి, మా ఆవిడకి వంటిల్లే సరిపోయేది. ఇంక అమ్మకి పొద్దస్తమానం టీవీయే దిక్కు. "అందులో మనుషులు వచ్చి పోతుంటార్రా, ఇల్లు నిండుగా ఉంటుంది" అనేది. అది కాస్తా ఓ రోజు టప్‌మని ఆగిపోయింది. ఆటోలో వేసుకుని మీ తాత దగ్గరికి తీసుకెళ్ళాను. మామూలే, పార్టు రాలేదు. అట్ట ఊడిపోయిన నవల ఒకటి చేతిలో పెట్టాడు. మా ఇంట్లో పుస్తకమంటే బస్సుల టైంటేబులే. తెచ్చి మంచం కిందకి తోసేశాను. రెండో రోజు వెళ్తే, "ఎక్కడిదాకా వచ్చారు?" అంటాడు. పుస్తకం సంగతి. "మీ కొట్టు దాకా వచ్చాను, సెట్టేది?" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఇంకా మండింది. ఇక్కడ అమ్మేమో గోడకేసి చూస్తూ పడుకునేది. పలకరిస్తే పలికేది కాదు. ఎనిమిది రోజులు, అమ్మాయ్.

తొమ్మిదో రోజు డ్యూటీ మార్పించుకుని చెప్పాపెట్టకుండా మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. మా సెట్టు బల్ల మీద శుభ్రంగా ఆడుతోంది. మాదేనని ఎలా తెలుసంటావా? మూల పగిలితే అమ్మ దెబ్బకి వేసుకునే ప్లాస్టరు అతికించింది, అదే గుర్తు. బొమ్మ అద్దంలా ఉంది. మీ తాతేమో దానికి వీపు పెట్టి కూర్చుని నవల చదువుకుంటున్నాడు. వెనకాల బొమ్మలు ఎగురుతున్నాయి, ఆయన పేజీ తిప్పుతున్నాడు. నాకు కళ్ళు కనపడలేదు. మెట్లెక్కి రోడ్డు మీదకి వచ్చి అరిచాను. "దొంగ! బాగున్న సెట్లు దాచుకుని లోపలి పార్టులు అమ్ముకుంటున్నాడు" అని. పార్టులు అమ్మాడని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నోటికి వచ్చింది, అనేశాను. జనం పోగయ్యారు. మందుల కొట్టాయన "అదే, మా సెట్టూ ఈయన చేతిలో పడ్డప్పట్నుంచే గీతలు పడుతోంది" అన్నాడు. ఇంకొకాయన వంత పాడాడు. మీ తాత గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. చివరికి నన్ను ఒకటే అడిగాడు, "మీరు కాకపోయినా ఇంట్లో ఎవరైనా ఆ పుస్తకం చదివారా?" "మంచంలో ఉన్నది మా అమ్మ, ఆవిడకి అక్షరం ముక్క రాదు" అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. దొంగ అన్నప్పుడు కూడా అలా పాలిపోలేదు.

ఆ సాయంత్రం సెట్టు సైకిల్ మీద తనే తోసుకొచ్చాడు. బిగించాడు. వెళ్ళడేం. మంచం కిందనించి పుస్తకం తీసి, దుమ్ము దులిపి, "అమ్మా, చదివి వినిపించనా?" అన్నాడు. మా అమ్మ ఊరుకునే రకమా? "టీవీకి అడ్డం లే నాయనా" అంది. ఆయన లేచి పక్కకి జరిగి, సౌండ్ మాత్రం తగ్గించి, మొదలుపెట్టాడు. కుట్టుమిషను రిక్షాలో వేసుకుని మొగుణ్ణి వదిలి వెళ్ళిపోయే ఆవిడ కథ. అమ్మ చెవి ఇటు, కళ్ళు అటు. కాసేపటికి టీవీలో నీలం చీర ఆవిడ కనిపించింది. "ఈవిడేనా మిషనావిడ?" అని అడిగింది. మీ తాత తల తిప్పి చూసి, "ఈవిడేనమ్మా" అన్నాడు. అంతే, ఇంక రోజూ అదే వరస. బొమ్మ టీవీది, కథ పుస్తకానిది. వార్తలు చదివే కళ్ళజోడాయన ఉండేవాడు, పాపం, వాడే మొగుడని తేల్చేసింది. వాడు తెర మీదకి రావడం ఆలస్యం, "వచ్చాడమ్మా, పెళ్ళాన్ని ఏలుకోలేనివాడు" అని తిట్లు. మీ తాత నవ్వు ఆపుకోలేక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. నాలుగు నెలలు వచ్చాడు. ఒకసారి నేనే అడిగాను, ఎందుకయ్యా బాగుచేసిన సెట్లు దాచడం అని. "సెట్టు లేని ఇంట్లో పుస్తకం ఉంటే ఎవరో ఒకరు తెరుస్తారండి. తెరిస్తే, సెట్టు కోసం వచ్చినప్పుడు నాతో ఆ కథ గురించి నాలుగు మాటలు మాట్లాడతారు. నాకు మాట్లాడేవాళ్ళు లేరు" అన్నాడు. తప్పే అనుకో. మంచానున్న మనిషి సెట్టు దాచడం తప్పే. ఆయన కూడా తప్పేనన్నాడు. కానీ దొంగతనం కాదు కదమ్మా.

చివరికొచ్చేసరికి చదవడం తగ్గించేశాడు. రోజుకి రెండు పేజీలు. పుస్తకం అయిపోతే ఏ వంకతో వస్తాడు మరి? "మిగతాది రేపమ్మా" అనేవాడు. నాలుగు పేజీలు మిగిలి ఉండగా అమ్మ పోయింది. అదిగో, ఆ పుస్తకం బీరువా పైన ఉంది. ఆగిన చోట, అతుకులేసే సీసం తీగ ముక్క గుర్తు పెట్టాడు, ఇంకా అలాగే ఉంది. నేనా? చదవలేదు. ఎందుకో చదవలేదు.

ఈలోగా కొట్టుకి మనుషులు రావడం మానేశారు. నేనొక్కసారి ఆ మెట్ల దగ్గర నిలబడి, అరిచిన గొంతుతోనే, "నేనన్నది అబద్ధం" అంటే సరిపోయేది. బస్సు మూడు నిమిషాలు ఆలస్యమైతే ఊరుకోనివాణ్ణి, రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఆకుపచ్చ తలుపులకి తాళం పడింది. ఆయన ఎక్కడో ఫ్యాన్లకి తీగ చుట్టే పనిలో చేరాడన్నారు. నేను ఆ వీధి మానేసి చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. ఇప్పటికీ అంతే.

మీ ఇంట్లో ఏం చెప్పుకుంటారు ఆయన గురించి? పర్లేదు, చెప్పు. ...ఊఁ. పార్టులు అమ్ముకుని కొట్టు పోగొట్టుకున్నాడనా. మీ నాన్న కూడా అదే నమ్మాడా? ఆ మాట నాది తల్లీ. మీ ఇంటి దాకా వచ్చి కూర్చున్న ఆ మాట నాది. ఆయన దొంగ కాదు. మొన్నొక రోజు నిద్రపట్టక లెక్కేసుకున్నాను. ఆ రోజు రోడ్డు మీద నేను అరిస్తే విన్నవాళ్ళల్లో మందుల కొట్టాయన పోయాడు, వంత పాడినాయన పోయాడు, అందరూ పోయారు. ఇప్పుడు వెళ్ళి ఆ మెట్ల మీద నిలబడి అబద్ధమని చెప్పినా ఎవరికి చెప్పను? నీకు చెప్తున్నాను. మీ నాన్నకి నువ్వు చెప్పు. టైంకీపర్ స్వయంగా ఒప్పుకున్నాడని చెప్పు.

అయిపోయిందా నీ పని? బొమ్మ వచ్చిందా? బాగా వచ్చింది. సౌండ్ పెట్టకు. ఆ పుస్తకం అందుకో, అది మీదే, ఎటూ నువ్వే తీసుకెళ్ళాలి. నాలుగు పేజీలే ఉన్నాయి. నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో... నువ్వు కూర్చో, ఆ స్టూలు మీద కాదు.