ఆకుపచ్చ పొట్లం

తైపేలో ఒక కంప్యూటర్ల కొట్టు. కుర్రాడు చూపించిన యాంటీవైరస్ డబ్బా ఆ పెద్దావిడకు ఎందుకో నచ్చలేదు.

"మా ఆయన పోయాక కంప్యూటర్‌లో ఉన్న ఆయన ఉత్తరాలే నాకు మిగిలాయి. ఇది అవన్నీ తిరగేస్తుందా?"

"తిరగేయకపోతే దొంగ దొరకడు కదా పిన్నిగారూ!"

"మరి దీని మీద కాపలా ఎవరు?"

"అంత అనుమానమైతే ఎలాగండీ? ఏడాదికోసారి మార్చుకోండి, చాలు. గడువు దాటిందా, తలుపు తీసి పడుకున్నట్టే!"

"నీ కంప్యూటర్‌కి ఏం పెట్టావు?"

"ఇదే. కంప్యూటర్ మీద, మన ఊళ్లో అందరూ శకునానికి పెట్టుకునే ఆ ఆకుపచ్చ చిరుతిండి పొట్లం కూడా. దాని పేరుకి అర్థమే 'బుద్ధిగా ఉండు' అని. అదుంటే మిషను బుద్ధిగా ఉంటుందని మీకు తెలీదా ఏంటి!"

ఆవిడ అతని కంప్యూటర్ మీదున్న పొట్లం అందుకుని తిప్పి, కళ్లజోడు పైకెత్తి తారీఖు చూసింది.

"దీని గడువు పోయిన నెలలోనే దాటింది నాయనా. ముందు నీ తలుపు వేసుకో."