చెరువు చుట్టూ తొమ్మిది నిమిషాలు

తొమ్మిది కొట్టేసరికి పార్కు గేటు పక్కనున్న టీ కొట్టులో బల్లల మీద చోటు దొరకదు. చెరువు చుట్టూ నడవాలని ఇంట్లో చెప్పి వచ్చేవాళ్లలో సగంమంది నడక అక్కడే మొదలై అక్కడే పూర్తవుతుంది. నిజానికి అంత భయపడాల్సిన దారేం కాదది. చుట్టుపక్కలంతా చదును నేల. కొండ మాట అటుంచి, చిన్న గుట్టైనా కనబడదు. పళ్లెంలో పోసిన నీళ్లలా చెరువు పరుచుకుని ఉంటుంది. గట్టు వెంట మట్టిబాట, రెల్లు పెరిగి నేల బురదగా ఉన్నచోట చెక్కల దారి, అది దాటితే పార్కు చెట్ల నీడ, మళ్లీ గేటు. చంటిపిల్లల బండి తోసుకుంటూ కూడా తిరిగి రావచ్చు.

అలాంటి దారిలోంచి కూడా సాహసాలు పుట్టించగల మనిషి ఆ కొట్టులో ఒక్కడే ఉన్నాడు. గేటు మామయ్య.

ముప్ఫయ్యేళ్లు రైలు గేటు దగ్గర పనిచేసి రిటైరయ్యాడాయన. గేటు వెయ్యడం, జెండా ఊపడం, బండి వెళ్లాక గేటు తియ్యడం. లోకమంతా ఆయన ముందునుంచే పరిగెత్తింది, ఆయన మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. అయినా ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ప్రతి బండీ ఆయన్ని చూసి ఓ కూత వేసి పోయేది. ఇప్పుడు ఇంట్లో కుక్కరు తప్ప ఆయన్ని చూసి కూసేది ఏదీ లేదు. అందుకని కొట్టులో నలుగురు ఇటు తిరిగితే చాలు, ఆయనకి ప్రాణం లేచొస్తుంది.

ఆ రోజు కొట్టుకి ఆసుపత్రి నర్సమ్మ వచ్చింది. టీ చెప్పి, కొట్టు నడిపే అక్కతో అంది:

"మా దగ్గర ఆరుగురు పేషంట్లున్నారక్కా. ఒకాయనకి గుండె ఆపరేషనైంది, ఒకావిడ మోకాలు మార్పించుకుంది, మిగతావాళ్లూ అలాంటివాళ్లే. చదునుగా ఉన్న దారిలో రోజూ నడవమంటారు డాక్టరుగారు. ఒంటరిగా వెళ్లాలంటే భయమని వీళ్లేమో గుమ్మం దాటరు. ఈ చెరువు దారి బాగా తెలిసినవాళ్లెవరైనా పొద్దున్నే వాళ్లకి తోడు వెళ్తే బావుణ్ణు."

సంచిలోంచి ఆకుపచ్చ తాడు తీసి బల్ల మీద పెట్టింది. దానికో విజిలు, ఓ కార్డు ఉన్నాయి. కార్డు మీద 'నడక తోడు' అని రాసుంది.

గేటు మామయ్య చూపు ఆ విజిలు మీద అతుక్కుపోయింది. జెండా అప్పగించి ఇంటికొచ్చిన రోజు నుంచి, ఫలానావాడినని చెప్పుకోడానికి ఆయన ఒంటి మీద ఓ గుర్తంటూ లేదు. అది తన మెడలో ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ చొక్కా కాలరు సవరించుకున్నాడు. "నేనెళ్తానమ్మా, నాకీ దారి తెలుసు" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ ఒక్క ముక్కతో ఆగే నోరు కాదది.

"అమ్మాయ్," అన్నాడు కుర్చీ ముందుకి జరుపుకుంటూ. "ఈ చెరువు ఓ చుట్టు తిరగాలంటే మామూలు మనిషికి గంట పడుతుంది. నాకు నలభై నిమిషాలు."

"అలాగా!" అంది నర్సమ్మ నోట్‌బుక్కు తెరుస్తూ.

"నిన్న ముప్ఫయ్యయిదన్నావు కదా బావా?" అన్నాడు మెళ్లో టేపు వేసుకుని టీ తాగుతున్న టైలరు.

"నిన్న ఎదురుగాలి లేదు. నువ్వు మధ్యలో కత్తెర పెట్టకు. నర్సమ్మా, నువ్వు విను. పోయిన నెల ఓ రోజు, పొగమంచు అప్పుడప్పుడే విడుతోంది, గాలి వెనకనుంచి మెల్లగా తోస్తోంది, సరే ఇవాళ కాస్త కాళ్లు సాగదీద్దాం అనుకుని ప్యాంటు మడిచి అడుగేశాను. చెక్కల దారి ఎక్కానో లేదో వెనకాల టపటపా చప్పుడు. తిరిగి చూద్దును కదా, బాతులు! ఒకటా రెండా, నలభై! బారుకట్టి నా వెనకే వస్తున్నాయి. నా నడక చూసి నన్ను వాటి పెద్దబాతనుకున్నాయి పాపం. కాసేపు నడిచాయి, నన్నందుకోలేకపోయాయి. ఎగిరాయి, అయినా అందుకోలేకపోయాయి. చివరికి సగం దారిలో దిగిపోయి రొప్పుకుంటూ కూర్చున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" నర్సమ్మ పెన్ను ఆగింది. నమ్మినట్టు లేదు కానీ, తెలుసుకోవాలని మాత్రం ఉంది ఆ ముఖంలో. మామయ్యకి ఇంకేం కావాలి!

"చెరువుకి అవతల గట్టు పక్కన పట్టాలున్నాయి చూశావా? ఏడూ పదికి ఎక్స్‌ప్రెస్సు వస్తుంది. నేనటు మళ్లడం, అది రావడం ఒక్కసారే అయింది. ముప్ఫయ్యేళ్లు నా ముందునుంచి దూసుకుపోయిన బండమ్మా అది! ఎంత దుమ్ము తినిపించిందో నాకు తెలుసు. ఇవాళ తేల్చుకుందాం రా అనుకున్నాను. ముందు గార్డు పెట్టె దాటాను. తర్వాత ఒక్కో పెట్టే దాటుకుంటూ పోతున్నాను, కిటికీల్లోంచి జనం చేతులూపుతున్నారు, మర్యాదకి నేనూ ఊపుతున్నాను, ఒకావిడ టైమెంతైంది బాబూ అంటే చెప్పాను, ఆవిడ గడియారం సరిచేసుకుంది కూడా. ఇంజను పక్కకొచ్చేసరికి డ్రైవరు తల బయటపెట్టి, 'మామయ్యా, కాస్త మెల్లగా, నా పరువు పోతోంది' అని ఒకటే బతిమాలడం."

"పాపం, ఆగావా?" అంది అక్క గ్లాసులు కడుగుతూ.

"ఆగడమా! దాటిపోయి, ముందున్న గేటు నేనే వేసి, జెండా ఊపి, బండి వెళ్లాక గేటు తీసి, మళ్లీ బండిని దాటాను."

బల్లలన్నీ ఘొల్లుమన్నాయి. ఆ నవ్వుతో మామయ్య ఇంకో మెట్టెక్కాడు. తను ఎక్కడ మొదలుపెట్టాడో, ఎందుకు మొదలుపెట్టాడో కూడా ఆ క్షణంలో ఆయనకి గుర్తు లేదు.

"మరి అంత వేగంగా వెళ్తే ఆయాసం రాలేదా?" అంది నర్సమ్మ. "నాడి చూసుకున్నారా?"

"నాడా? అది వెనకబడిపోయింది తల్లీ. నేనిక్కడికొచ్చి టీ తాగుతుంటే అది చెక్కల దారి దాటుతోంది. కానీ అసలు వింత అది కాదు. పార్కు చెట్ల కిందికొచ్చేసరికి ముందెవడో పోతున్నాడు. మంచి ఊపు మీదున్నాడు. ఈ దారిలో నన్ను మించినవాడెవడ్రా అని దగ్గరికెళ్లి చూస్తే అదే చొక్కా, అదే మడిచిన ప్యాంటు, అదే బట్టతల. ఎవరనుకున్నారు? నేనే! ఒక చుట్టు తిరిగొచ్చి నా వెనక నేనే తగులుకున్నాను. 'కాస్త తప్పుకోవయ్యా' అన్నాను. 'నువ్వెవడివి నన్ను తప్పుకోమనడానికి' అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఎందుకొచ్చిన గొడవ, పెద్దవాడు కదా అని నేనే తగ్గాను."

"ఇద్దర్లో పెద్దెవరు బావా?" టైలరు అడిగాడు.

"వాడే. నాకంటే ముందు బయల్దేరాడు కదా." మామయ్య గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు. "మొత్తం కలిపి తొమ్మిది నిమిషాలు!"

నవ్వులు ఆగాక నర్సమ్మ నోట్‌బుక్కు మూసింది.

"పెద్దాయనా, మీ మాటలు వింటే పొద్దే తెలీదు. ఇందులో సగం తీసేసి, అందులో మళ్లీ సగం తీసేసినా మీది గట్టి నడకేనని అర్థమైంది. మావాళ్లు కర్ర పట్టుకుని అడుగులో అడుగేసేవాళ్లు. మీలాంటి చురుకైనవాళ్లని వాళ్లకి కట్టేస్తే మీకూ విసుగు, వాళ్లకీ కంగారు. ఇంకెవరినైనా చూస్తాలెండి."

తాడు చుట్టి, విజిలూ కార్డూ సంచిలో వేసుకుంది.

మామయ్యకి కాళ్ల కింద చెక్క ఊడినట్టయింది. "అబ్బే, అదంతా సరదాకమ్మా" అనబోయాడు. చుట్టూ చూస్తే పదిమంది ముఖాలు, ఇంకా నవ్వు ఆరని ముఖాలు, తర్వాతేం చెప్తాడా అని ఎదురుచూస్తున్నాయి. అంత ఎత్తుకెక్కి అంతమంది ముందు దిగిరావడం ఆయనకి ఎప్పుడూ అలవాటు లేదు. ఖాళీ గ్లాసు ఎత్తి, లేని టీ తాగాడు.

సరిగ్గా అప్పుడే పార్కు ఊడ్చే పిన్ని వచ్చి, చీపురు గోడకి ఆనించి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏంటి, ఇవాళ ఇంత సందడి?"

"మా బావ చెరువు చుట్టు తొమ్మిది నిమిషాల్లో కొట్టాడట పిన్నీ," అన్నాడు టైలరు.

"ఎవరూ, ఈ అన్నయ్యా?" పిన్ని నడుం మీద చెయ్యేసుకుంది. "నర్సమ్మా, నేను ఆరింటికి ఈ గేటు దగ్గర ఊడ్వడం మొదలుపెడతాను. పడిన ప్రతి ఆకూ ఎత్తుకుంటూ, చెత్త డబ్బాలన్నీ ఖాళీ చేసుకుంటూ చుట్టూ తిరిగి మళ్లీ ఇక్కడికే వస్తాను. ఈ అన్నయ్యా ఆరింటికే నాతోపాటు బయల్దేరతాడు. ఒక్కరోజంటే ఒక్కరోజు నా చీపురుని దాటితే ఒట్టు! నేనొచ్చి చేతులు కడుక్కుని గడ్డికి నీళ్లు పెడుతుంటే, ఎనిమిదిన్నరకి నెమ్మదిగా వస్తాడు."

టైలరుకి టీ ముక్కులోకి పోయింది.

"దారిలో పదకొండు బల్లలున్నాయి. పదకొండింటి మీదా కూర్చుంటాడు. కింద ఊడ్వాలి, కాళ్లెత్తన్నయ్యా అంటే ఎత్తుతాడు. ఈయన కాళ్లు గబగబా కదలడం నేను చూసింది అప్పుడే."

కొట్టు కొట్టంతా ఊగిపోయింది. అక్క కడుగుతున్న గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వింది. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్లిపోదామంటే మోకాలు అంత తొందరగా ఒప్పుకోదు.

నవ్వనిది నర్సమ్మ ఒక్కతే. కుర్చీ ఆయనవైపు తిప్పుకుంది.

"పదకొండింటి మీదా కూర్చుంటారా?"

"మోకాలు నొప్పమ్మా," అన్నాడు. ఆ కొట్టులో అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం అదే మొదలు.

"వీపు ఆనించుకోడానికి ఉన్న బల్లలేవి?"

"మూడోది, అయిదోది, ఎనిమిదోది. ఆరోది ఊగుతుంది, దాని మీద ఎవర్నీ కూర్చోబెట్టకూడదు. తొమ్మిదోదాని మీద ఏడింటికే ఎండొచ్చేస్తుంది."

"నీళ్లు?"

"ఏడో బల్ల వెనక కుళాయుంది. కొంచెం గట్టిగా తిప్పాలి. చెక్కల దారిలో మలుపు దగ్గర ఒక పలక లేచుంది, కర్ర పట్టుకున్నవాళ్లకి తగులుతుంది, అక్కడ ఎడమపక్కగా నడవాలి. వాన పడిన మర్నాడు మట్టిబాట జారుతుంది, అప్పుడు చెట్లవైపు నుంచి పదో బల్ల దాకా వెళ్లి తిరిగొచ్చేయడమే మంచిది. మోకాలు మార్పించుకున్నావిడ మొదటి వారం అయిదో బల్ల దాటకపోతే నయం. తిరిగి రావాలి కదా. నేను మొదట్లో అది చూసుకోక, తొమ్మిదోదాని మీద గంటసేపు లేవలేక కూర్చుండిపోయాను."

టైలరు టేపు సరిచేసుకుంటూ ముందుకి వంగాడు.

"ఇవన్నీ మాకెప్పుడూ చెప్పలేదేం బావా?"

"మీరెప్పుడడిగారు?"

పిన్ని తన టీ అందుకుని, బల్ల చివర కూర్చుంది. నర్సమ్మ నోట్‌బుక్కు మళ్లీ తెరిచి, ఊగే బల్ల, లేచిన పలక, గట్టిగా తిప్పాల్సిన కుళాయి, అన్నీ రాసుకుంది. రాసుకున్నాక సంచిలోంచి ఆకుపచ్చ తాడు తీసి ఆయన ముందు పెట్టింది.

"సోమవారం ఆరింటికి రండి. కానీ ఒక్క షరతు. మావాళ్లలో ఎవరినీ మీరు దాటిపోకూడదు."

మామయ్య తాడు రెండు చేతులతో అందుకుని మెళ్లో వేసుకున్నాడు.

"దాటను తల్లీ," అన్నాడు. "దాటలేను కూడా."